కంపోస్ట్ డబ్బా కంపు కొడుతుంటే ఇలా చేయండి

అందరూ కలిసి పెట్టుకున్న కంపోస్ట్ డబ్బా మూడు వారాలకే కంపు కొడుతోంది, పురుగులు పట్టాయి, పక్కవాళ్ళు తీసేయమంటున్నారు అని రాశారు కదండీ. దయచేసి తీసేయకండి, ఇది ఒకటి రెండు వారాల్లో దారికొస్తుంది.

వంటింటి చెత్తలో నీళ్ళెక్కువ, అదొక్కటే వేస్తూ పోతే ముద్దయిపోయి గాలాడదు, గాలి లేనిచోట పెరిగే సూక్ష్మజీవుల వల్లే ఆ కుళ్ళిన గుడ్ల వాసన. ముందు మొత్తం బయటికి తీసి ఎండుటాకులో, చింపిన అట్టముక్కలో, రంపపు పొట్టో బాగా కలిపి మళ్ళీ నింపండి. ఇకమీద ఒక వంతు తడి చెత్తకి రెండు వంతులు ఎండుటాకుల్లాంటి పొడి చెత్త, పైపొర ఎప్పుడూ పొడిదే. గుప్పెట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి అంతే, ధారగా కారితే ఇంకా పొడి వెయ్యాలి. వారానికోసారి తిరగెయ్యండి. అడుగున చిల్లులున్నాయా? లేకపోతే ముందు ఆ పని చూడండి.

పురుగుల గురించి టెన్షన్ వద్దు. లావుగా, బూడిదరంగులో ఉంటే అవి బ్లాక్ సోల్జర్ ఈగ పిల్లలు అయ్యుంటాయి, చెత్తని త్వరగా తినేస్తాయి, మనకి హాని చెయ్యవు. మాంసం, నూనె, వండగా మిగిలినవి మాత్రం వెయ్యొద్దని అందరికీ గట్టిగా చెప్పండి. ఎండుటాకుల సంచి డబ్బా పక్కనే పెట్టండి, చేతికి అందేలా ఉంటేనే జనం వేస్తారు.