సగటున ఇద్దరే పుడుతున్నా జనాభా ఎందుకు పెరుగుతోంది? ఒక ఎన్యూమరేటర్ అనుభవం

ఇంటర్ చదివే మీ అమ్మాయి అడిగినవి రెండు సందేహాలు. పాఠంలో చూపించిన జె ఆకారపు గీతలో జంతువుల సంఖ్య పెరిగి పెరిగి కూలిపోయినట్టు మనుషుల సంఖ్య కూడా కూలిపోతుందా? సంతానోత్పత్తి రేటు, అంటే ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య, 2కి తగ్గిందంటున్నారు కదా, మరి దేశ జనాభా ఇంకా ఎందుకు పెరుగుతోంది? రెండోదానికి జవాబు నేను కళ్ళారా చూశాను, అందుకని దానితోనే మొదలుపెడతాను.

నేను ప్రభుత్వ బడిలో టీచర్ని. 2001లోనూ, 2011లోనూ జనగణనకి ఎన్యూమరేటర్‌గా ఇంటింటికీ తిరిగాను. 2011 ఫారంలో 29 ప్రశ్నలుండేవి. పెళ్ళయిన ఆడవాళ్ళని అడగాల్సిన వాటిలో రెండు పక్కపక్కనే ఉండేవి: ఇప్పుడు బతికున్న పిల్లలు ఎంతమంది, ప్రాణంతో పుట్టిన పిల్లలు మొత్తం ఎంతమంది. మొదటిది సులువు. రెండోది అడగాలంటే ప్రతి గడపలోనూ నాకు గొంతు తగ్గిపోయేది.

ఒక ఇంట్లో మామ్మగారు అరుగు మీద కూర్చుని మినుములు చెరుగుతున్నారు. పిల్లలెంతమంది అంటే తలెత్తకుండానే "ఐదుగురు మాస్టారూ, ముగ్గురు మగ, ఇద్దరు ఆడ" అన్నారు. "పుట్టి పోయినవాళ్ళెవరైనా ఉన్నారా మామ్మగారూ?" అని అడిగాను. చేట కింద పెట్టేశారు. వేళ్ళ కణుపుల మీద లెక్క మొదలుపెట్టారు. పెద్దబ్బాయికి ముందు ఒక పిల్ల, బారసాల కాకుండానే పోయింది. తట్టు వచ్చి ఒకడు. వాంతులు, విరేచనాలు పట్టుకుని ఇంకొకడు. "వాడికి మూడేళ్ళు. మాటలన్నీ వచ్చేశాయి" అన్నారు. యాభై ఏళ్ళ కిందటి మాట అది, అయినా కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. పుట్టినవాళ్ళు 8, బతికున్నవాళ్ళు 5 అని రాసుకున్నాను. అదే ఇంట్లో కోడలి వరసలో 2, 2. రెండో కాన్పు అయిన వెంటనే ఆపరేషన్ చేయించుకున్నానని ఆవిడే చెప్పింది. అప్పటికి ఆమెకి 22 ఏళ్ళు.

మీ అమ్మాయి పాఠమంతా ఆ రెండు వరసల్లో ఉంది. పూర్వం ఎక్కువమంది పుట్టినా జనాభా అంతగా పెరగలేదు, పుట్టినవాళ్ళు నిలవలేదు కాబట్టి. 1911, 1921 జనగణనల మధ్య అయితే దేశ జనాభా కాస్త తగ్గింది కూడా, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా వల్ల. తర్వాత మెల్లగా మరణాలు తగ్గాయి. 1971లో దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పసిపిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు, 2020కి అది 28. మరణాలు ముందు తగ్గి, కాన్పులు ఆ తర్వాత తగ్గాయి. ఆ మధ్య కాలంలోనే మన జనాభా అంత పెరిగింది. పుట్టిన బిడ్డ బతుకుతుందన్న నమ్మకం కుదరకుండా ఏ తల్లీ ఇద్దరితో ఆపదు.

ఇక ఇద్దరే అయినా పెరగడం ఎందుకు? ఆ మామ్మగారి ఇంటినే తీసుకుందాం. మామ్మగారు, తాతగారు ఇద్దరు. పిల్లలు ఐదుగురు. ఆ ఐదుగురికీ ఇద్దరిద్దరు చొప్పున మనవలు పదిమంది. కానీ వాళ్ళు వియ్యాలవారికి కూడా మనవలే కాబట్టి సగం వాళ్ళ లెక్కలో వేసి, ఈ ఇంటికి ఐదుగురనుకోండి. ఇప్పుడు 2, 5, 5 కలిపి 12. కొన్నేళ్ళకి పెద్దవాళ్ళిద్దరూ కాలం చేస్తారు. మనవలూ ఇద్దరేసి పిల్లల్నే కంటారు, అదే లెక్కన మునిమనవలు మళ్ళీ ఐదుగురు. అంటే 5, 5, 5 కలిపి 15. మామ్మగారి తర్వాత ఏ జంటా ఇద్దరికి మించి కనలేదు, అయినా 12 కాస్తా 15 అయింది. వెళ్ళిపోయింది ఇద్దరున్న తరం, వచ్చింది ఐదుగురున్న తరం. దీన్నే పాపులేషన్ మొమెంటం అంటారు. పదిహేను దగ్గరికొచ్చాక ఆగిపోతుంది చూడండి, అదే ముఖ్యం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సంతానోత్పత్తి రేటు దేశం మొత్తానికి 2.0, ఆంధ్రప్రదేశ్‌లో 1.7, బీహార్‌లో 3.0. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదేళ్ళ పెరుగుదల 1981-91లో 24 శాతం, 2001-11లో 11 శాతం. ఈ తగ్గుదల గురించి గొప్పగా చెప్పుకునేటప్పుడు ఒకటి మర్చిపోకూడదు. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళ ఆపరేషన్లు వందకి ఒకటి కూడా లేవు. భారమంతా ఆ కోడలిలాంటి వాళ్ళ ఒంటి మీదే పడింది. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

మొదటి సందేహానికి వస్తే, అలాస్కా దగ్గర సెయింట్ మాథ్యూ ద్వీపంలో 1944లో 29 రెయిన్‌డీర్‌లను వదిలారు. 1963కి అవి 6,000 అయ్యాయి. ఉన్న మేత తినేశాయి, ఒక గట్టి చలికాలం వచ్చింది, 1966లో చూస్తే మిగిలినవి 42. అక్కడ సంఖ్యకు కళ్ళెం వేసింది ఆకలి. మన దగ్గర కాన్పులు తగ్గింది తిండి లేక కాదు. ధాన్యం పుష్కలంగా పండే గోదావరి డెల్టా ఇళ్ళలోనే తగ్గాయి. జంతువులకీ మనకీ ఉన్న పెద్ద తేడా ఇదే.

పుస్తకంలో కె అని రాసే క్యారీయింగ్ కెపాసిటీ, అంటే ఒక చోటు మోయగలిగే గరిష్ఠ సంఖ్య కూడా మన విషయంలో ఒకచోట ఉండదు. 1920లో పెర్ల్, రీడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పెరిగి పెరిగి ఒక హద్దు దగ్గర ఆగిపోయే ఎస్ ఆకారపు గీతతో లెక్కగట్టి, అమెరికా జనాభా దాదాపు 19.7 కోట్ల దగ్గర ఆగుతుందన్నారు. 1970 జనగణనకే అది 20 కోట్లు దాటింది. మన వైపు 1966లో వచ్చిన ఐఆర్-8 వరి వంగడం, యూరియా, కాలవ నీళ్ళు కలిసి ఆ హద్దుని పైకి జరిపాయి.

అలాగని ఇక భయం లేదని అనను. జనగణనలో కుటుంబమంటే ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళు. 2001లో తిరిగిన వీధుల్లోనే 2011లోనూ తిరిగాను. మనుషులు కొద్దిగానే పెరిగారు, పొయ్యిలు చాలా పెరిగాయి. అన్నదమ్ములు వేరుపడి ఒక ఇల్లు మూడయింది. మూడు బోర్లు, మూడు ఫ్రిజ్‌లు, మూడు బైకులు. భూమి మీద భారం తలల లెక్కతోనే తేలదు, ఒక్కో తల ఎంత వాడుతోందన్నది కూడా చూడాలి. నాకు ఇప్పుడు టెన్షన్ అంతా దాని గురించే.

మీ అమ్మాయితో ఒక కాగితం మీద మీ ఇంటి మూడు తరాలు రాయించండి: పుట్టినవాళ్ళు, బతికినవాళ్ళు, విడివిడిగా. నాయనమ్మగారిని ఆ మొదటి గడి గురించి అడిగేటప్పుడు మాత్రం పక్కన కూర్చుని, ఆవిడ తీరిగ్గా ఉన్నప్పుడు అడగమనండి.