బ్లాక్ డగ్లస్ వారసులు ఎవరు? నేను తప్పు గీసి, మళ్లీ దిద్దుకున్న వంశవృక్షం

మీరు అడిగినవి రెండు: స్కాట్లాండ్ "బ్లాక్ డగ్లస్" అసలు ఎవరు, ఇప్పుడు డగ్లస్ ఇంటిపేరుతో ఉన్న పెద్ద కుటుంబాలు ఆయన నేరు వారసులేనా అని. రెండోదానికి ముందే చెప్పేస్తాను. కాదు, ఇవాళ కనిపించే పెద్ద డగ్లస్ కుటుంబాలు చాలావరకు ఆయన సవతి తమ్ముడి వైపు నుంచి వచ్చినవి. నేను గ్లాస్గోలో ఉన్నప్పుడు మా అబ్బాయి స్కూల్ ప్రాజెక్ట్ కోసం ఈ వంశవృక్షం గీశాను. ఆన్‌లైన్‌లో ఎవరో పెట్టిన చార్ట్ చూసి గీస్తే, 1333లో యుద్ధంలో చనిపోయిన ఆర్చిబాల్డ్ 1400లో మళ్లీ మంచం మీద చనిపోయాడు! ఇద్దరు ఆర్చిబాల్డులను ఒకడే అనుకున్నారు, నేనూ చూసుకోలేదు. ఆ తప్పు విప్పడానికి నాకు రెండు వారాలు పట్టింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

బ్లాక్ డగ్లస్ అసలు పేరు సర్ జేమ్స్ డగ్లస్. తండ్రి విలియం డగ్లస్, "ది హార్డీ" అంటారు. 1296లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ బెరిక్ పట్టణం మీద పడి ఊచకోత కోసినప్పుడు అక్కడి కోట ఈయన చేతిలోనే ఉంది. తర్వాతి ఏడాది ఇంగ్లండ్ మీద తిరగబడ్డ విలియం వాలెస్ వైపు చేరాడు, పట్టుబడ్డాడు, లండన్ టవర్‌లో ఖైదీగానే పోయాడు. ఆయనకు ఇద్దరు భార్యలు, ఇది గుర్తుపెట్టుకోండి, వంశం కథంతా దీని మీదే తిరుగుతుంది. మొదటి భార్య ఎలిజబెత్ స్టూవర్ట్ కొడుకు జేమ్స్. రెండో భార్య ఎలనార్ కొడుకులు హ్యూ, ఆర్చిబాల్డ్. ఈ ఎలనార్ ఒక ఇంగ్లిష్ వితంతువు, విలియం ఆమెను ఎత్తుకొచ్చి పెళ్లి చేసుకున్నాడు, దానికి జరిమానా కూడా కట్టాల్సి వచ్చింది.

తండ్రి పోయాక జేమ్స్‌కు భూమి లేదు. కొన్నాళ్లు పారిస్‌లో ఉండి వచ్చాడు, సెయింట్ ఆండ్రూస్ బిషప్ లాంబర్టన్ చేరదీశాడు. బిషప్ తీసుకెళ్లి తండ్రి భూములు ఇప్పించమని ఎడ్వర్డ్‌ను అడిగితే, ద్రోహి కొడుక్కి ఏమీ ఇవ్వనన్నాడు. ఆ భూములు అప్పటికే క్లిఫర్డ్ అనే ఇంగ్లిష్ ప్రభువు చేతిలో ఉన్నాయి. 1306లో రాబర్ట్ బ్రూస్ స్కాట్లాండ్ రాజుగా పట్టం కట్టుకోబోతుంటే జేమ్స్ వెళ్లి ఆయనతో కలిశాడు, చచ్చేదాకా వదల్లేదు.

మరుసటి ఏడాది మట్టల ఆదివారం నాడు సొంత ఊరు డగ్లస్‌లో, సెయింట్ బ్రైడ్ చర్చిలో ప్రార్థనకు వచ్చిన ఇంగ్లిష్ సైనికుల మీద పడ్డాడు. కోటలోని తిండిగింజలు, వైన్ పీపాలు అన్నీ నేలమాళిగలో కుమ్మరించి, ఖైదీలను వాటి మీదే నరికి, మొత్తానికి నిప్పు పెట్టాడు. "డగ్లస్ లార్డర్" (లార్డర్ అంటే తిండి దాచే గది) అని ఇప్పటికీ చెప్పుకుంటారు. స్కాట్లాండ్ వాళ్లకు ఆయన "గుడ్ సర్ జేమ్స్", కానీ సరిహద్దు అవతల ఇంగ్లిష్ తల్లులు పిల్లల్ని బూచాడి పేరు చెప్పినట్టు ఈయన పేరు చెప్పి పడుకోబెట్టేవారని అంటారు. నాకు ఈయనంటే గౌరవం ఉంది, కానీ ఈ పని ఘోరం, దీన్ని వీరగాథగా చెప్పడం నాకు నచ్చదు. 1370ల్లో జాన్ బార్బర్ రాసిన కావ్యంలో ఈయన నల్లటి జుట్టుతో ఉండేవాడని, మాట కాస్త ముద్దగా వచ్చేదని ఉంది.

1314లో రాక్స్‌బర్గ్ కోట పట్టుకున్నాడు, అదే ఏడాది బానక్‌బర్న్ యుద్ధంలో పోరాడాడు. 1329లో బ్రూస్ చనిపోతూ తన గుండెను పవిత్రభూమికి తీసుకెళ్లమన్నాడు. జేమ్స్ దాన్ని వెండి పేటికలో పెట్టుకుని బయల్దేరి, స్పెయిన్‌లో కాస్టిల్ రాజు పదకొండో అల్ఫోన్సో తరఫున తేబా దగ్గర యుద్ధానికి దిగి, 1330 ఆగస్టు 25న చనిపోయాడు. గుండె మెల్‌రోజ్ మఠానికి, ఆయన ఎముకలు సొంత ఊరి చర్చికి తిరిగొచ్చాయి. డగ్లస్‌ల చిహ్నంలో ఎర్ర గుండె ఉండేది అందుకే.

ఇక వంశం. జేమ్స్ తర్వాత ప్రభువైన కొడుకు విలియం 1333లో హాలిడన్ హిల్ యుద్ధంలో చనిపోయాడు. అదే యుద్ధంలో జేమ్స్ సవతి తమ్ముడు ఆర్చిబాల్డ్ కూడా. ఆస్తి మిగిలిన సవతి తమ్ముడు హ్యూకు వెళ్లింది. ఆయన చర్చి మనిషి, 1342లో అంతా వదులుకుని ఆర్చిబాల్డ్ కొడుకు విలియంకు ఇచ్చేశాడు. ఈ విలియమే 1358లో మొదటి ఎర్ల్ ఆఫ్ డగ్లస్ (ఎర్ల్ అంటే ఒక పెద్ద ప్రభు పదవి). అయితే ఆ 1342 పత్రంలోనే, విలియంకు మగ సంతానం లేకుండా పోతే తర్వాత ఎవరెవరికి అనే వరస రాశారు, అందులో జేమ్స్‌కు పెళ్లికాకుండా పుట్టిన కొడుకు ఆర్చిబాల్డ్ పేరు కూడా ఉంది. ఆ పేరు నలభై ఆరేళ్ల తర్వాత పనికొచ్చింది.

1388లో రెండో ఎర్ల్ ఆటర్‌బర్న్ యుద్ధంలో చనిపోయాడు, చట్టబద్ధమైన పిల్లల్లేరు. అప్పుడు ఈ ఆర్చిబాల్డ్ మూడో ఎర్ల్ అయ్యాడు, "ది గ్రిమ్" అంటారు. నేను ఇరుక్కుపోయింది ఇక్కడే, ఎందుకంటే ఇంగ్లిష్ పుస్తకాలు ఈ బంధాన్ని "ఫస్ట్ కజిన్ వన్స్ రిమూవ్డ్" అని రాస్తాయి, ఆ మాటతో నాకు బొమ్మ కనిపించలేదు. చివరికి చార్ట్ అంతా మన వరసల్లో తిరగరాశాను. మొదటి ఎర్ల్‌కు ఈయన పెదనాన్న కొడుకు, అంటే అన్నదమ్ముల వరస. రెండో ఎర్ల్‌కు బాబాయో పెదనాన్నో అవుతాడు. కొడుకు వరస అయ్యేవాడి పదవి తండ్రి వరస వాడికి వచ్చింది! ఇంకో మూడు తరాలకు మళ్లీ అదే. 1440లో ఎడిన్‌బరా కోటలో కుర్రాడైన ఆరో ఎర్ల్‌ను, అతని తమ్ముణ్ణి భోజనానికి పిలిచి చంపేశారు, "బ్లాక్ డిన్నర్" అంటారు. పదవి అతని తాత తమ్ముడికి, అంటే చిన్నతాతకు పోయింది. ఆయన కొడుకు ఎనిమిదో ఎర్ల్‌ను 1452లో స్టర్లింగ్‌లో స్కాట్లాండ్ రాజు రెండో జేమ్స్ స్వయంగా పొడిచి చంపాడు. తొమ్మిదో ఎర్ల్ తిరుగుబాటు చేసి 1455లో అన్నీ పోగొట్టుకున్నాడు. మన సర్ జేమ్స్ డగ్లస్ రక్తంలో ఎర్ల్ పదవి అక్కడితో సరి.

మరి ఇప్పటివాళ్లు? మొదటి ఎర్ల్‌కు కూడా పెళ్లి బయట ఒక కొడుకున్నాడు, జార్జ్. అతను తల్లి వైపు నుంచి ఆంగస్ ఎర్ల్ అయ్యాడు. వాళ్లది "ఎర్ర డగ్లస్" కొమ్మ, 1455లో వాళ్లు రాజు పక్షాన నిలబడ్డారు. ఇవాళ్టి హామిల్టన్ డ్యూకులు, 1963-64లో బ్రిటన్ ప్రధానిగా ఉన్న అలెక్ డగ్లస్-హోమ్ కుటుంబం (వీళ్లు ఆడవాళ్ల వైపు నుంచి) ఈ కొమ్మవాళ్లే.

గ్లాస్గో చుట్టుపక్కల ఉంటే ఎం74 హైవే మీద డగ్లస్ ఊరికి వెళ్లండి. మేం వెళ్లినప్పుడు చర్చికి తాళం ఉంటే ఊళ్లో అడిగి తాళంచెవి తెప్పించుకున్నాం. లోపల జేమ్స్ సమాధి మీద రాతి శిల్పం బాగా అరిగిపోయి ఉంది. నాకు ఎక్కువ నచ్చింది ఇంకోటి: ఇందాక చెప్పిన చిన్నతాత, ఏడో ఎర్ల్, ఆయన భార్య బియాట్రిస్ సమాధి. కింద వాళ్ల పిల్లల బొమ్మలు వరుసగా చెక్కారు. మా అబ్బాయి ప్రింట్ తీసిన చార్ట్ పట్టుకుని ఒక్కొక్కళ్లకు వేలు చూపిస్తూ "వీడు స్టర్లింగ్‌లో పోయినవాడా నాన్నా?" అని అడిగాడు.

మీరూ చార్ట్ గీస్తే ప్రతి ఆర్చిబాల్డ్, ప్రతి విలియం పక్కన తండ్రి పేరు, చనిపోయిన ఏడాది తప్పకుండా రాయండి. ఎర్ల్స్‌లోనే మూడో, నాలుగో, ఐదోవాళ్లు వరసగా ఆర్చిబాల్డులే.