డాక్టర్ సలహా: అత్తమ్మకు పాటలు గుర్తున్నాయి, మేమే గుర్తులేము

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా అత్తమ్మకు 72 ఏళ్లు. రెండేళ్లుగా మతిమరుపు పెరిగింది. నన్నే "నువ్వెవరి బిడ్డవు?" అని అడుగుతుంది. కానీ బతుకమ్మ పాట ఎత్తుకుంటే చివరిదాకా పాడుతుంది, నేను ఒక పాదం తప్పు పాడితే "అట్ల కాదు" అని సరిచేస్తుంది. పొద్దుగూకితే చాలు, "మా ఇంటికి పోతా" అని గొడవ. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్ర తెచ్చి మూడు వారాలుగా వేస్తున్నాం. పది రోజుల కింద బాత్‌రూంలో జారి పడింది, దెబ్బేమీ కనపడలేదు. ఈ వారం పగలు కూడా పడుకునే ఉంటోంది, పాట మధ్యలో ఆపేస్తోంది. బీపీ మాత్ర, రక్తం పలుచబడే మాత్ర వాడుతుంది. ఫోన్‌లో రోజంతా పాటలు పెడితే జ్ఞాపకం తిరిగి వస్తుందా?

సమాధానం: అమ్మా, పాటల సంగతికి తర్వాత వస్తాను. రక్తం పలుచబడే మాత్ర వాడే మనిషి పది రోజుల కింద పడ్డారు, ఈ వారం మత్తుగా ఉంటున్నారు. ఈ మూడూ కలిసి కనిపిస్తే తలలో రక్తం చేరిందేమో ముందు చూసుకోవాలి. వయసు పైబడిన వారిలో మెదడు కొంత కుంచించుకుపోయి ఉంటుంది. చిన్న కుదుపుకే మెదడు పైన ఉండే సన్నని రక్తనాళాలు తెగి, రక్తం మెల్లగా చేరుతుంది. పైకి గాయం ఉండదు. లక్షణాలు కొన్ని రోజులకో, వారాలకో బయటపడతాయి. ఆమెను చూడకుండా ఇదేనని నేను చెప్పలేను. కానీ ఇది చదివిన రోజే వరంగల్‌లోని ఎంజీఎం ఆసుపత్రికి గానీ, సీటీ స్కాన్ ఉన్న దగ్గరి ఆసుపత్రికి గానీ తీసుకెళ్లండి. వాంతులు, విపరీతమైన తలనొప్పి, ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోవడం, లేపినా లేవకపోవడం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇక ఆ నిద్రమాత్ర. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవారికి ఇవి మేలు కన్నా కీడు ఎక్కువ చేస్తాయి. తూలి పడతారు, అయోమయం పెరుగుతుంది, మత్తు మర్నాటి దాకా దిగదు. ఆమె పడింది మాత్ర మొదలుపెట్టాకే కదా, గమనించారా? షాపులో అబ్బాయికి ఆమె వాడే మిగతా మందుల సంగతి తెలియదు, మీరూ చెప్పి ఉండరు. నా ఓపీకి వచ్చే పెద్దవాళ్లలో ఇలా చీటీ లేకుండా తెచ్చిన మాత్రలు వాడనివారు తక్కువ. జలుబుకు, దురదకు వాడే కొన్ని పాత రకం మాత్రలు కూడా ఇలాంటి వారిలో మతిని ఇంకా చెదరగొడతాయి. అలాగని ఇవాళే ఆపేయకండి. కొన్ని రకాలు వారాల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి. రక్తం పలుచబడే మాత్ర సంగతి కూడా అంతే.

డిమెన్షియా నెలలు, ఏళ్ల మీద ముదురుతుంది. వారంలో మనిషి మారిపోతే వేరే కారణం వెతకాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, చివరికి మలబద్ధకం కూడా కావచ్చు. రెండేళ్ల మరుపును "వయసు మీద పడింది" అని వదిలేశారు, అది నాకు బాధగా ఉంది. థైరాయిడ్, బీ12 లోపం వల్ల వచ్చే మరుపుకు మందు ఉంది. ఆ రక్తపరీక్షలు కూడా చేయించండి.

ఇప్పుడు పాట. జ్ఞాపకం తిరిగి వస్తుందా అంటే, రాదు. పాటలు వినిపిస్తే దిగులు, కొంతవరకు ఆందోళన తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. మరుపు తగ్గుతుందని మాత్రం రుజువు కాలేదు. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్స్. అందులో కొత్త విషయాలు దాచుకునే భాగం మొదట దెబ్బతింటుంది. బాగా తెలిసిన పాటలను గుర్తుంచుకునే భాగాలు మిగతావాటి కన్నా ఎక్కువ కాలం నిలుస్తున్నాయని 2015లో జర్మనీలోని లైప్‌జిగ్ పరిశోధకులు చూపించారు. పైగా చాలా బతుకమ్మ పాటల్లో ప్రతి పాదానికీ "ఉయ్యాలో" వస్తుంది, చప్పట్లు పడతాయి, అడుగు పడుతుంది. ఆ లయే తర్వాతి పాదాన్ని అందిస్తుంది. మీ పేరు అడిగినప్పుడు ఆమెకు అలా చెయ్యి అందించేది ఏదీ లేదు.

మీరు "అట్ల కాదు" అన్న మాట రాశారు చూడండి, నేను రెండుసార్లు చదివాను. వాడలో ఆడవాళ్ల ముందు నిలబడి పాట చెప్పిన మనిషి ఆమెలో ఇంకా ఉంది, తప్పు పడితే ఊరుకోదు. నా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన వయసులో చిరుతల రామాయణం ఆడినవారు. భార్యను పోల్చుకోలేరు. కొడుకు చిరుతలు (తాళం వేసే చెక్కలు) చేతికిస్తే నడుం నిటారుగా పెట్టి కూర్చుంటారు, తాళం తప్పిన వారి వైపు కోపంగా చూస్తారు. ఆ పది నిమిషాలు ఆయన రోగిలా ఉండరు.

కాబట్టి ఫోన్ రోజంతా మోగించకండి, అది ఆమెకు గోల అవుతుంది. పొద్దుగూకడానికి ముందు ఓ అరగంట మీరే పక్కన కూర్చుని పాడండి. ఆమె చెప్పనివ్వండి, మీరు అందుకోండి. "నేనెవరో చెప్పు" అని పరీక్ష పెట్టకండి. ఏ పాటకైనా ఏడుపు ఆగకపోతే దాన్ని వదిలేయండి. చెవిలో గుబిలి ఉందేమో, వినికిడి తగ్గిందేమో చూపించండి, చాలామంది ఇది మరిచిపోతారు.

ఇవన్నీ స్కాన్ తర్వాతే. వెళ్లేటప్పుడు వాడే మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకోండి, షాపు వాళ్లిచ్చిన నిద్రమాత్రల పట్టీ కూడా. పాట మధ్యలో ఆపడం ఏ రోజు మొదలైందో గుర్తు చేసుకుని అక్కడి డాక్టర్‌కు చెప్పండి, ఆ తేదీ ఆయనకు చాలా పనికొస్తుంది.