బోర్డు మారిస్తే సరిపోతుందా?

కరెంటు సామాన్ల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ముప్ఫై ఏళ్లకు పైగా రిపేరు పని చేసిన మెకానిక్ జవాబులు

ప్రశ్న: మాది ఆరు ఇళ్ల అపార్ట్‌మెంటు. పోయిన నెల ఒక సాయంత్రం ఉన్నట్టుండి దేవుడి గదిలోని చిన్న బల్బు ఎన్నడూ లేనంత తెల్లగా వెలిగింది. ఫ్యాను గిర్రున తిరిగింది. రెండు నిమిషాల్లో టీవీ టప్పుమని ఆగిపోయింది. వైఫై డబ్బా, ఫోను చార్జరు కూడా పోయాయి. అదే సమయంలో ఎదురింటివాళ్ల బల్బులు గుడ్డిగా వెలిగాయట. ఎలక్ట్రీషియన్ చూసి పిడుగు దెబ్బ అన్నాడు. ఆ రోజు మబ్బు కూడా పట్టలేదు. 4,800 రూపాయలు పెట్టి టీవీ బోర్డు మార్పిస్తే పన్నెండు రోజులకు అదీ పోయింది. మాకు నకిలీ బోర్డు అంటగట్టారా?
– ఒక గృహిణి, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, బోర్డును అనుమానించకండి. అసలు సంగతి మీరు మధ్యలో రాసిన ఎదురింటి బల్బుల దగ్గరే ఉంది. ఒక ఇంట్లో వెలుగు పెరిగిన క్షణంలోనే పక్కింట్లో తగ్గిందంటే, మీ భవనానికి వచ్చే న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, ఎక్కడో వదులైందని నూటికి తొంభై పాళ్లు చెప్పవచ్చు.

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీ భవనానికి మూడు ఫేజులు, అంటే కరెంటు తెచ్చే మూడు తీగలు, ఒక న్యూట్రల్ వస్తాయి. ఆరు ఇళ్లనూ ఆ మూడు ఫేజులకు పంచి ఉంటారు. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు, ఫేజుకూ ఫేజుకూ మధ్య దాదాపు 400 వోల్టులు ఉంటాయి. న్యూట్రల్ గట్టిగా ఉన్నంతకాలం ఆ 400తో మీకు సంబంధం లేదు. అది తెగిన మరుక్షణం మీ ఇల్లూ ఎదురిల్లూ ఒక దండలో పూసల్లా ఆ 400 మధ్య చేరతాయి. అప్పుడు వాడకం ఎక్కువ ఉన్న ఇంటికి వోల్టేజి తక్కువ, వాడకం తక్కువ ఉన్న ఇంటికి ఎక్కువ. మూడో ఫేజు మీద ఎవరూ ఏమీ వాడటం లేదనుకుని లెక్క వేద్దాం. ఎదురింట్లో 2000 వాట్ల గీజరు, మీ ఇంట్లో టీవీ, ఫ్యాను, బల్బు కలిపి 200 వాట్లు నడుస్తున్నాయి. వాళ్లకు సుమారు 36 వోల్టులు అందుతాయి. మిగిలిన 364 మీ ఇంటి మీద పడతాయి.

పాత బోర్డు మీ దగ్గరే ఉంటే ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. కరెంటు లోపలికి వచ్చే చోట, ఫ్యూజు పక్కన, రూపాయి బిళ్ల కంటే చిన్నదైన నీలం రంగు బిళ్ల ఉంటుంది. దాన్ని వేరిస్టర్ అంటారు. వోల్టేజి హద్దు దాటితే కరెంటును తనలోంచి పారనిచ్చి, ఫ్యూజు కొట్టేసేలా చేసి, వెనకున్న భాగాలను కాపాడటం దాని పని. క్షణకాలపు పోటును అది తట్టుకుంటుంది. నిమిషాల తరబడి 364 వోల్టులు వస్తే కాలి పగులుతుంది. దాని వెనక కరెంటును నిలవ ఉంచే కెపాసిటర్ సీసా మూతంత లావున ఉంటుంది, దాని మీద 450 వోల్టులు అని రాసి ఉంటుంది. ఇంటికి వచ్చే 364 వోల్టుల ఏసీ కరెంటు బోర్డు లోపల డీసీగా మారేసరికి ఆ హద్దు దాటి 514 అవుతుంది. నీలం బిళ్ల నల్లబడి, కెపాసిటర్ తల కూడా ఉబ్బి ఉంటే వోల్టేజి మితిమీరిందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. వయసు మీరి పోయిన కెపాసిటర్ పక్కన నీలం బిళ్ల చెక్కుచెదరకుండా ఉంటుంది.

కొత్త బోర్డు పన్నెండు రోజులు బతికిందంటే న్యూట్రల్ పూర్తిగా తెగలేదు, అంటీముట్టనట్టు ఉంది. మీటర్ల డబ్బాలో అల్యూమినియం తీగను ఇత్తడి పట్టీకి బిగించిన చోట ఇది ఎక్కువగా జరుగుతుంది. లోడు పెరిగినప్పుడు అతుకు వేడెక్కి సాగుతుంది, చల్లారి ముడుచుకుంటుంది, స్క్రూ కొద్దికొద్దిగా పట్టు వదులుతుంది. తీగ పైతొడుగు అక్కడ గోధుమరంగుకు తిరిగి, పెళుసుబారి ఉంటుంది. డబ్బా తెరవగానే కాలిన ప్లాస్టిక్ వాసన వస్తుంది. కానీ ఆ డబ్బా మీరు తెరవకండి. 1912కు ఫోను చేసి లైన్‌మన్‌ను పిలిపించండి. మీటర్ల తర్వాతి వైరింగును లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. ఆరు ఇళ్లవాళ్లకూ ఈ సంగతి చెప్పండి, ఇది మీ ఒక్కరి ఇబ్బంది కాదు.

అంతవరకు మళ్లీ బల్బు తెల్లగా వెలిగితే టీవీ ఆపి, ఫ్రిజ్ ఆపి, ఇలా ఒక్కొక్కటే ఆపుతూ వెళ్లకండి. మీరు వాడకం తగ్గించే కొద్దీ మిగిలిన వాటి మీద వోల్టేజి ఇంకా పెరుగుతుంది. నేరుగా వెళ్లి మెయిన్ దించేయండి. మెయిన్ డబ్బాలోని ఆటోమేటిక్ స్విచ్ (ఎంసీబీ) దానంతట అది పడుతుందని చూడవద్దు. అది ఎంత కరెంటు పారుతోందో చూస్తుంది, ఎంత వోల్టేజి వచ్చిందో దానికి తెలియదు. వోల్టేజి మరీ పెరిగినా తగ్గినా లైను తెంచే పరికరం వేరే ఉంటుంది. ఇంటి మెయిన్ దగ్గర దాన్ని పెట్టించుకోండి, ఒక టీవీ బోర్డు ధరలోపే అయిపోతుంది.

ఇంకొక మాట, ఇది చాలా ముఖ్యం. న్యూట్రల్ సరిగా లేదనగానే కొందరు ఎర్తు తీగను తెచ్చి న్యూట్రల్‌గా కలిపేస్తారు. లైట్లు వెలుగుతాయి, డబ్బులు తీసుకుని వెళ్లిపోతారు. ఆ తర్వాత ఎర్తు గుంత ఎండినా, ఆ తీగ ఎక్కడ తెగినా ఫ్రిజ్ తలుపు, గీజరు ఒళ్లు, వాషింగ్ మెషీన్ డొక్క అన్నిటికీ కరెంటు ఎక్కుతుంది. అలా బిగించిన ఇంట్లో ఒక పిల్లవాడు తడి చేతితో ఫ్రిజ్ పట్టుకుని విసిరేసినట్టు పడటం నా కళ్లతో చూశాను. దేవుడి దయవల్ల బతికాడు. మీ ఇంట్లో ఎవరైనా ఆ పని చేస్తామంటే ఒప్పుకోకండి.

ప్రశ్న: కంప్యూటర్ పవర్ సప్లైలో రెండు కెపాసిటర్లు ఉబ్బితే, కోఠిలో అవే నంబర్లవి, 1000 మైక్రోఫారడ్, 16 వోల్టులవి కొని నేనే టంకం వేశాను. రోజుకు ఎనిమిది గంటలు వాడతాను. ఎనిమిది నెలలకు అవే మళ్లీ ఉబ్బి, సప్లై పూర్తిగా ఆగిపోయింది. ఈసారి ప్లగ్గు తీసి పది నిమిషాలు ఆగి విప్పినా మోచేతి దాకా షాక్ కొట్టింది. ప్లగ్గు తీశాక కరెంటు ఎక్కడిది?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: బాబూ, ముందు షాక్ సంగతి. సప్లైలోని పెద్ద కెపాసిటర్ల దగ్గర సుమారు 325 వోల్టుల డీసీ నిలవ ఉంటుంది. నడుస్తున్న సప్లై అయితే ప్లగ్గు తీశాక ఆ నిలవను తానే వాడేసుకుంటుంది. ఆగిపోయిన సప్లైలో వాడుకునేవాళ్లు లేరు. ఖాళీ చేయడానికి పెట్టిన రెసిస్టరు కూడా తెగి ఉంటే అది గంటలైనా అలాగే ఉంటుంది. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ఖాళీ చేయకు, రవ్వలు కంట్లోకి ఎగురుతాయి. 60 వాట్ల పాత రకం బల్బు హోల్డరుకు రెండు తీగలు కట్టి, కొసల్లో తొడుగున్న ప్రోబులు పెట్టుకో. కెపాసిటర్ కాళ్లకు తాకిస్తే బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతుంది. ఆ తర్వాత మీటరు పెట్టి పది వోల్టులకు దిగిందని చూసుకున్నాకే చెయ్యి పెట్టు. ఒక చెయ్యి జేబులో ఉంచుకోమని మా గురువుగారు ప్రతిరోజూ చెప్పేవారు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా వెళుతుంది.

ఇక ఉబ్బడం సంగతి. నువ్వు మైక్రోఫారడ్లు చూశావు, వోల్టులు చూశావు. అదే డబ్బా మీద చిన్న అక్షరాల్లో 85 డిగ్రీలనో 105 డిగ్రీలనో ఉంటుంది, అది చూసి ఉండవు. ఈ కెపాసిటర్ల లోపల తడి ద్రవం ఉంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని మేము వేసుకునే లెక్క. 85 డిగ్రీల దగ్గర 2000 గంటలు పనిచేసేదాన్ని అంత వేడిలోనే ఉంచి రోజుకు ఎనిమిది గంటలు వాడితే 250 రోజులు వస్తుంది. నీ ఎనిమిది నెలలూ అవే. 2000 గంటలదే 105 డిగ్రీలది వేసి ఉంటే దానికి నాలుగింతలు నడిచేది. సప్లైలకు పనికొచ్చే, లోపలి నిరోధం తక్కువగా ఉండే రకం అడిగి తీసుకో. మామూలు రకం తనలో పారే కరెంటుకే వేడెక్కిపోతుంది.

అయినా అక్కడ అంత వేడి ఎందుకు పుట్టిందో చూడు. సప్లై వెనక ఫ్యానును వేలితో తిప్పి చూడు. తిప్పగానే ఆగిపోతే, రెక్కల మీద దుమ్ము మెత్తలా పేరుకుంటే, మొదటి రెండు కెపాసిటర్లనూ చంపింది అదే. ఫ్యాను మార్చకుండా మూడోసారి టంకం వేయకు.

ప్లస్, మైనస్ కూడా రెండుసార్లు చూసుకో. 1993లో ఒక టేప్ రికార్డర్‌లో నేను తిరగేసి బిగించాను. స్విచ్ వేసి, పనిచేస్తుందో లేదోనని బోర్డు మీదికి వంగాను. కెపాసిటర్ తల మీది గీతలు చీలి, లోపలి కాగితం పీలికలు పీలికలుగా లేచింది. వేడి ద్రవం కనుబొమ మీద పడింది. మరో అంగుళం కిందైతే కంట్లో పడేది. చేపల వాసన లాంటి ఆ ఘాటు నాలుగు రోజులు చొక్కాను వదల్లేదు. ఆ గీతలు ఉన్నదే పేలుడు పైకి పోవడానికి. మొదటిసారి స్విచ్ వేసేటప్పుడు ముఖం దూరంగా పెట్టుకో.

ప్రశ్న: నా ఫోను వెనక మూత ఒకవైపు లేచింది. గట్టిగా నొక్కితే మూసుకుంటోంది. చార్జింగు బాగానే ఎక్కుతోంది. వాడవచ్చా?
– ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు, కూకట్‌పల్లి

జవాబు: వాడకండి మాస్టారూ, నొక్కనూ వద్దు. బ్యాటరీ లోపల వాయువు చేరి ఉబ్బింది. నొక్కితే లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి మంట అంటుకోవచ్చు. ఈ ఉత్తరం చదివిన వెంటనే ఫోను ఆపి, చార్జరు తీసి, పరుపుకూ కాగితాలకూ దూరంగా బండ మీద పెట్టండి. సిమ్ము తీసి వేరే ఫోనులో వేసుకోండి. బ్యాటరీ మార్పించాక పాతదాన్ని చెత్తబుట్టలో వేయకుండా దుకాణంలోనే ఇచ్చేయండి. దిండు కింద పెట్టి చార్జింగు చేసే అలవాటుంటే అది కూడా మానేయండి.

ప్రశ్న: సీలింగ్ ఫ్యాను ఐదు మీద పెట్టినా రెండు మీద ఉన్నట్టే తిరుగుతోంది. కొత్తది కొనాలా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: ముందు స్విచ్ ఆపి రెక్కలను చేత్తో తిప్పి చూడండి. గరగరమనకుండా తేలిగ్గా తిరిగితే బేరింగులు బాగున్నట్టే. అప్పుడు ఫ్యాను కండెన్సరు (కెపాసిటర్‌కే ఇంకో పేరు) బలం తగ్గి ఉంటుంది. పాతదాని మీద 2.5 అని ఉంటే 2.5 మైక్రోఫారడ్‌దే తెచ్చుకోండి, వేగం కోసం పెద్దది వేస్తే వైండింగు వేడెక్కుతుంది. మెయిన్ ఆపాకే నిచ్చెన ఎక్కండి.