జీడి యూనిట్ పెడతానంటున్నాడు, లోన్ తీసుకోమంటారా?

ప్రశ్న: మాది వజ్రపుకొత్తూరు మండలం. రెండెకరాల జీడితోట, కొద్దిగా కొబ్బరి ఉంది. మా అబ్బాయి శ్రీకాకుళంలో బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాడు. ఉద్యోగం వద్దు, జీడిపప్పు యూనిట్ పెడతానంటున్నాడు. పాతిక లక్షల లోన్ వస్తుందట, బీసీలం కాబట్టి 35 శాతం సబ్సిడీ కూడా ఇస్తారట. ముందు వ్యాపారం నేర్పే కోర్సు ఏదైనా చేయించాలా, ఎంబీఏలో చేర్చాలా? తోట కాగితాలు బ్యాంకులో పెట్టొచ్చా?

జవాబు: తోట కాగితాలు బీరువాలోనే ఉంచండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానంలో తోటలు ఎలా పడిపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. పిక్కలు (పొట్టుతో ఉన్న జీడిగింజలు) తక్కువై ధర ఎగబాకిన ఏడాది యూనిట్‌కూ కష్టమే, తోట మీద రాబడీ ఉండదు. రెండూ ఒకే పంట మీద ఆధారపడ్డప్పుడు ఒకదాని కోసం ఇంకోటి తాకట్టు పెట్టకూడదు.

అబ్బాయి ఆలోచన మాత్రం తీసిపారేయదగ్గది కాదు. పిక్క ఎక్కడ దొరుకుతుందో, పప్పు ఎలా ఒలుస్తారో చూస్తూ పెరిగినవాడు. చిక్కేమిటంటే పలాస-కాశీబుగ్గలో ఆ సంగతి తెలియనివాళ్లే లేరు. బాయిలింగ్, కటింగ్, బోర్మాలో (వేడి గదిలో) ఎండబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగ్... ఇవన్నీ పనివాళ్లను పెట్టుకుని చేయించొచ్చు. యజమాని తాను స్వయంగా చూసుకోవాల్సింది లెక్క.

ఒక నోటుపుస్తకం ఇచ్చి ఈ లెక్క కట్టమనండి. అంకెలు నేను ఊహించినవి, అసలు ధరలు అతనే బజారులో కనుక్కుని వేసుకోవాలి. 80 కేజీల పిక్కల బస్తా 14,000 రూపాయలు. బస్తాకు 22 కేజీల పప్పు దిగింది. గుండు, బద్ద, నూక అన్నీ కలిపి సగటున కేజీ 750కి పోయిందనుకుందాం, 16,500 వచ్చింది. కూలి, కరెంటు, వంటచెరకు, ప్యాకింగ్ కలిపి 1,800. మిగిలింది 700. ఇప్పుడు 22 బదులు 20 కేజీలే దిగిందనుకోండి. వచ్చేది 15,000, ఖర్చు 15,800. బస్తాకు 800 నష్టం. పిక్కలో తేమ ఎక్కువైనా, కటింగ్‌లో పప్పు ఎక్కువ విరిగినా అంతే సంగతి. పిక్కను కోసి చూసి ఎంత పప్పు దిగుతుందో అంచనా కట్టే చేయి తిరిగిన మనిషి దగ్గర మీవాడు ఒక సీజన్ కూర్చోవాలి. జీతం ఇవ్వకపోయినా సరే. ఏ కోర్సులోనూ ఇది దొరకదు.

రెండో లెక్క ఇంకా ముఖ్యం. రోజుకు ఐదు బస్తాలు ఆడే చిన్న యూనిట్‌కు నెలలో 25 రోజులకు 125 బస్తాలు కావాలి. పై ధరకే అది 17.5 లక్షలు. పిక్కలేమో వేసవిలో వస్తాయి, సీజన్‌లో కొని నిల్వ పెట్టుకోలేకపోతే తర్వాత ఎవరు ఏ ధర చెబితే ఆ ధరకు కొనాలి. పప్పు తీసుకున్న వ్యాపారి డబ్బు వెంటనే ఇవ్వడు. పాతిక లక్షలూ షెడ్డుకూ మిషన్లకూ పెట్టేసి పిక్కలకు డబ్బు లేక తలుపులు మూసుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. లోన్ అడిగేటప్పుడు వర్కింగ్ క్యాపిటల్ (పిక్కలకు, రోజువారీ ఖర్చులకు చేతిలో ఉండాల్సిన డబ్బు) ఎంత, అది ఎన్ని నెలలకు చాలుతుంది అనేది ప్రాజెక్టు రిపోర్టులో మొదట చూడండి. ఆ రిపోర్టు ఎవరో డబ్బు తీసుకుని టైపు చేసిచ్చిందైతే, బ్యాంకు మేనేజరు అడిగే రెండో ప్రశ్నకే అబ్బాయి నీళ్లు నములుతాడు.

కోర్సుల సంగతికి వస్తే, వ్యాపార దక్షత పుట్టుకతో రావాలనేది నేను నమ్మను. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1960ల్లో మన కాకినాడ చిన్న వ్యాపారులకే హైదరాబాద్ సంస్థలో శిక్షణ ఇప్పించి చూశాడు. శిక్షణ పొందినవాళ్లు, పొందనివాళ్లకంటే చురుగ్గా వ్యాపారం పెంచుకున్నారని తేల్చాడు. అందుకని లక్షలు పోయాల్సిన పనిలేదు. గ్రామీణ యువత కోసం బ్యాంకులు నడిపే ఆర్‌సెటీ అనే శిక్షణ కేంద్రంలో వసతి, భోజనంతో సహా శిక్షణ ఉచితం. ఆ తర్వాత రెండేళ్ల దాకా వాళ్లే వాకబు చేస్తారు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటెల్‌లో చదువు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. బీకాం పిల్లాడు కాబట్టి కాస్టింగ్ పుస్తకం మళ్లీ తీయమనండి, ఈసారి మార్కుల కోసం కాదు.

మిషన్ల కంటే ముందు అమ్మడం నేర్చుకోవాలి. పలాసలోనే పప్పు యాభై కేజీలు కొని, గ్రేడు చేసి, పావుకేజీ ప్యాకెట్లు కట్టి శ్రీకాకుళం, విజయనగరం స్వీటు షాపులకూ కిరాణాలకూ తిరగమనండి. ఆహార భద్రతను చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సరుకుల వ్యాపారానికి మన రాష్ట్రంలో ఏడాది టర్నోవర్ 40 లక్షల లోపు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కానీ బరంపురం పంపితే అది వేరే రాష్ట్రం, లెక్క మారిపోతుంది. ఆరు నెలల తర్వాత రెండోసారి అడిగి మరీ తీసుకున్న షాపులు ఎన్ని అన్నది నాకు రాయండి. ఒక్కటీ లేకపోతే యూనిట్ మాట పక్కన పెట్టాలి.

ఇక సబ్సిడీ. మీరు విన్నది పీఎంఈజీపీ అనే కేంద్ర ప్రభుత్వ స్వయం ఉపాధి పథకం గురించి. ఇప్పటిదాకా ఉన్న నిబంధనల్లో తయారీ యూనిట్ ఖర్చు 50 లక్షల వరకు, గ్రామంలో పెట్టే బీసీలకు సబ్సిడీ 35 శాతం, సొంత వాటా 5 శాతం. కొత్త యూనిట్లకే ఇస్తారు. ఆ సబ్సిడీ చేతికి రాదండీ, మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి ఆ తర్వాత అప్పులో సర్దుతారు. ఈ మూడేళ్లూ యూనిట్ నడవాలి. దరఖాస్తుకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో ప్రస్తుత నిబంధనలు అడగండి. చిన్న పరిశ్రమలకు ఒక పరిమితి లోపు రుణానికి బ్యాంకు తాకట్టు అడగకూడదనే రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, ఆ పరిమితి ఇప్పుడెంతో కనుక్కుని ఆ పరిధిలో మొదలుపెట్టడమే మంచిది. చిన్న పరిశ్రమగా నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి వేలు అడిగే వెబ్‌సైట్ల జోలికి పోవద్దు.

ఎంబీఏ: ప్రవేశపరీక్ష ఐసెట్ రాయనివ్వండి, ఖర్చేముంది. ఎచ్చెర్లలో యూనివర్సిటీ సీటు వస్తే చేరి, శని ఆదివారాలు ప్యాకెట్లు అమ్ముకోవచ్చు. ఊరూ పేరూ తెలియని కాలేజీకి ఏడాదికి లక్ష కట్టమంటే మాత్రం వద్దనండి, ఆ లక్షతో ఏడు బస్తాల పిక్కలు వస్తాయి.