మామగారు రోజంతా ఆకులే ఊడుస్తున్నారు!

ప్రశ్న: మా మామగారికి 72 ఏళ్లు. ఏడాది క్రితం అత్తగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు. ఇంటి ముందు పచ్చిక, దాని అంచున పెద్ద చెట్టు ఉన్నాయి. ఆకులు రాలడం మొదలైనప్పటి నుంచి ఆయన పొద్దున్నే లేచి పచ్చికంతా ఊడుస్తారు. సాయంత్రానికి మళ్లీ రాలితే మళ్లీ ఊడుస్తారు. నడుము పట్టేసినా వినరు. పైగా కుప్పకు నిప్పు పెడుతుంటే, ఆస్తమా ఉన్న మా బాబుకు ఆయాసం వస్తోంది. మా వారు విసిగిపోయి, ఆ పనికి ఒక మనిషిని పెట్టి చీపురు దాచేశారు. అప్పటి నుంచి మామగారు గది దాటి రావడం లేదు. తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. నేనేం చేయాలి?

జవాబు: ముందు ఆ చీపురు ఎక్కడ దాచారో అక్కడి నుంచి తీసి, రోజూ ఉండే చోట పెట్టేయండమ్మా. మిగతా సంగతులు తర్వాత మాట్లాడుకుందాం.

కళ్లు తెరవగానే పలకరించే మనిషి ఏడాది క్రితం దాకా మీ మామగారి పక్కనే ఉన్నారు. ఇప్పుడు ఆయన ఉన్నది కొడుకు ఇంట్లో. అక్కడ అందరికీ ఏదో ఒక పని ఉంది, ఆయనకే లేదు. ఆ పచ్చిక మీద రాలిన ఆకులు ఆయనకు పొద్దున్నే లేవడానికి ఒక కారణాన్నిచ్చాయి. దాన్ని తీసేసి ‘విశ్రాంతి తీసుకోండి’ అంటే, ‘మీ అవసరం మాకు లేదు’ అన్నట్టే ఆయనకు వినిపించి ఉంటుంది.

మీ వారిని తప్పుపట్టడం లేదు. తండ్రి నడుము పట్టుకుని నడుస్తుంటే, కొడుకు ఊపిరాడక దగ్గుతుంటే, ఆ రెండూ చూడలేక చేసిన పని అది. తల్లిని పోగొట్టుకున్న బాధ ఆయనకూ ఉంది. చాలామంది మగవాళ్లలో ఆ బాధ విసుగుగా బయటికొస్తుంది. అయినా తండ్రి దగ్గరికి వెళ్లవలసింది ఆయనే. ‘నీ నడుము గురించి భయపడ్డాను నాన్నా. నిన్ను అడగకుండా మనిషిని పెట్టడం నా తప్పు’ అని ఆ రెండు ముక్కలూ స్వయంగా చెప్పాలి. ఇద్దరి మధ్య కబుర్లు మోసే పని మాత్రం మీరు పెట్టుకోకండి. అది అలవాటైతే వాళ్లు ఎప్పటికీ నేరుగా మాట్లాడుకోరు.

ఇంకో మాట కూడా మీ వారికి తెలియాలి. మామగారి పట్టుదలలో సగం నిజముంది. ఆకులు దట్టంగా పరుచుకుని రోజుల తరబడి ఉండిపోతే కింది గడ్డికి వెలుతురు, గాలి అందవు. తడి ఆరక బూజు పడుతుంది. గడ్డి పసుపు రంగుకు తిరిగి అక్కడక్కడా చచ్చిపోతుంది. అలాగని పల్చగా రాలిన ప్రతి ఆకునూ ఏరనవసరం లేదు. నిలబడి చూస్తే ఆకుల సందుల్లోంచి గడ్డి బాగా కనిపిస్తోందంటే కంగారు లేదు. వాటి మీదుగా గడ్డి కోసే యంత్రాన్ని ఒకసారి నడిపితే ముక్కలై గడ్డి మొదళ్లలోకి జారి, అక్కడే కుళ్లి మట్టికి బలమవుతాయి. ఆకులు మరీ జోరుగా రాలే రోజులు తప్ప, మూడు నాలుగు రోజులకోసారి ఊడ్చినా సరిపోతుంది.

నిప్పు పెట్టడం మాత్రం ఆగాల్సిందే, ఇందులో బేరం లేదు. ఆకుల పొగలోని అతి సన్నని రేణువులు ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. ఆకులు తడిగా ఉంటే పొగ ఇంకా ఎక్కువ. ఆస్తమా ఉన్న పిల్లవాడికే కాదు, 72 ఏళ్ల పెద్దాయనకూ అది మంచిది కాదు. బాబు ఆయాసానికి కారణం ఆ పొగేనని ఆయనకు ఎవరైనా నెమ్మదిగా చెప్పారా? మనవడి కోసం మానేయమని మీరే అడిగి చూడండి.

మరి ఆ ఆకులన్నీ ఏం చేయాలి? నా మనసుకు బాగా నచ్చిన మార్గం కంపోస్టు. ఆయన పొద్దున ఊడ్చింది సాయంత్రానికి మాయమవుతోంది. రోజంతా కష్టపడ్డా చేతిలో ఏమీ మిగలడం లేదు. ఎరువు కుప్ప అలా కాదు, నిన్నటి పని ఇవాళ కళ్లముందే ఉంటుంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, అంతే ఎత్తు ఉంటే లోపల వేడి నిలుస్తుంది. రెండు మూడు పాళ్లు ఎండాకులకు ఒక పాలు పచ్చి గడ్డి కోతలు కలపాలి. పిండిన గుడ్డకున్నంత తడి ఉండాలి. వారం పది రోజులకోసారి తిరగేయాలి. బాగా కుదిరితే లోపల చెయ్యి పెట్టినప్పుడు వెచ్చగా తగులుతుంది, చలి పొద్దుల్లో తిరగేస్తుంటే సన్నగా ఆవిరి లేస్తుంది. కొన్ని నెలలకు ఆకుల ఆనవాలు పోయి, నల్లగా పొడిపొడిగా, వాన పడిన మట్టి వాసనతో ఎరువు చేతికొస్తుంది. ఏమీ కలపకుండా ఉత్త ఆకుల్నే తడిపి వదిలేసినా ఏడాది రెండేళ్లకు మంచి ఆకు ఎరువవుతుంది. కుప్ప తిరగేసేటప్పుడు దుమ్ము, బూజు రేణువులు లేస్తాయి కాబట్టి బాబును ఆ దరికి రానివ్వకండి. మామగారు కూడా మాస్కు పెట్టుకుని, కాస్త నీళ్లు చిలకరించి మొదలుపెట్టాలి. కుప్ప ఎంత కుంగిందో వారం వారం తాతయ్యను అడిగి పుస్తకంలో రాసుకునే పని బాబుకు ఇవ్వండి.

నడుము సంగతికొస్తే, వంగి ఊడ్చే పొట్టి చీపురు వద్దు. పొడవాటి కర్రకు విసనకర్రలా విచ్చుకున్న పళ్లుండే రేక్ తెచ్చివ్వండి. నిటారుగా నిలబడి, నడుము తిప్పకుండా అడుగు కదుపుతూ లాగాలి. మధ్యమధ్య చేతులు మార్చుకోవాలి. ఇరవై నిమిషాలకోసారి కూర్చోవాలి. ఆకులను ఎత్తి మోయకుండా పాత దుప్పటి మీదికి లాగి, దాన్నే ఈడ్చుకెళ్లాలి. తడి ఆకులు బరువెక్కుతాయి, పైగా జారతాయి. ఆ వయసులో జారిపడితే చాలా ప్రమాదం, అందుకే మంచు ఆరాకే దిగమనండి. నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరెక్కినా, ఛాతీ బిగపట్టినట్టున్నా ఊడ్చడం ఆపేసి వెంటనే డాక్టరుకు చూపించాలి.

పెట్టుకున్న పనిమనిషిని మాన్పించకండి. బరువులెత్తడం, నిచ్చెనెక్కడం లాంటివి అతనికి వదిలేసి, ఏ రోజు ఏం చేయాలో మామగారినే చెప్పమనండి.

ఆయన తిండి, నిద్ర కూడా గమనించండి. రెండు వారాలు దాటినా తిండి సయించక, నిద్ర పట్టక, దేని మీదా ఆసక్తి లేకుండా ఉంటే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి. ‘ఇంకా ఎందుకు బతకాలి’ లాంటి మాట నోట వస్తే ఆ రోజే తీసుకెళ్లండి, ఆయన్ను ఒంటరిగా వదలకండి.

రేపు పొద్దున ఆయన గది తలుపు తట్టి, ‘మామయ్యగారూ, ఎరువు కుప్ప ఎక్కడ వేద్దాం?’ అని అడగండి. మొదటి రోజు జవాబు రాకపోవచ్చు, మర్నాడు మళ్లీ అడగండి. మాటల మధ్యలో అత్తగారి ప్రస్తావన వస్తే మాట మార్చకండి, పక్కనే కూర్చుని ఆయన చెప్పినంతసేపు వినండి. ఆయన చూపించిన మూల మీకు అంతగా నచ్చకపోయినా, కుప్ప అక్కడే వేయండి.