కరెంటు పోయిన సాయంత్రం, కౌంటర్ ముందు పదిమంది

చి. అబ్బాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నీ సూపర్‌మార్కెట్‌లో కరెంటు పోతే చాలు, అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడిన కస్టమర్లే మీదికొస్తున్నారని రాశావు. రోహిణి కార్తె ఇంకా ముందుంది. ఆ ఈదురుగాలులకి మన వీధులకి కరెంటు తెచ్చే ఫీడర్ లైను ఎన్నిసార్లు ట్రిప్ అయి ఆగిపోతుందో ఎవరికెరుక! అందుకే ఆలస్యం చెయ్యకుండా రాస్తున్నాను.

చీకట్లో అరిచే మనిషికి నీ మీద పగేమీ ఉండదు. తన వంతు ఎప్పుడొస్తుందో తెలియదు, నువ్వు వేసిన ధర సరైనదో కాదో తెలియదు, ఫోన్లో కట్టిన డబ్బు నీకు చేరిందో లేదో తెలియదు. ఈ మూడింటికీ జవాబు సిద్ధంగా పెట్టుకుంటే సగం గొంతులు వాటంతట అవే తగ్గుతాయి. మిగతా సగం సంగతి చివర్లో చెబుతాను.

కరెంటు పోగానే ముందు పక్క షాపుల వైపు చూడు. వాళ్ళకి ఉండి మనకే లేకపోతే మెయిన్ బోర్డులో ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే తనంతట తనే పడిపోయే స్విచ్, పడిందేమో చూసి ఒక్కసారి ఎత్తు. మళ్ళీ పడితే దాన్ని ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలువు. వీధంతా పోతే కరెంటు కంప్లయింట్ల నంబరు 1912కి ఫోన్ చెయ్యి. సర్వీసు నంబరు అడుగుతారు కాబట్టి దాన్ని గల్లాపెట్టె మూత లోపల పెద్ద అక్షరాలతో రాసి అంటించుకో. నువ్వు ఫోన్లో ఉండగా ఒక కుర్రాడు ఏసీ, ఫ్రిజ్‌ల ఎంసీబీలు దించెయ్యాలి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆ వెంటనే నువ్వే గొంతెత్తి అందరికీ వినబడేలా చెప్పాలి. "ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది" అని మాత్రం అనకు. ఆరో నిమిషం నుంచి నువ్వు అబద్ధాలకోరువి అవుతావు. తెలిసింది తెలిసినట్టు చెప్పు: "కరెంటు పోయిందండీ. కంప్లయింట్ ఇచ్చాం, ఎప్పుడొస్తుందో వాళ్ళు చెప్పలేదు. లైట్లున్నాయి. బిల్లు చేత్తో రాసిస్తాం, ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆగలేని వాళ్ళు బుట్ట మీద పేరు రాయించి ఇక్కడ పెట్టి వెళ్ళండి, గంట తర్వాత వచ్చినా అలాగే ఉంటుంది." పదిహేను నిమిషాలకోసారి, కొత్త కబురు లేకపోయినా, ఇదే మళ్ళీ చెప్పు. నువ్వు మౌనంగా బిల్లులు రాసుకుంటూ కూర్చుంటే పట్టించుకోవడం లేదనుకుంటారు.

బుట్ట పెట్టి వెళ్ళమన్నాక దాన్ని కాపాడాలి. అందులోంచి ఒక్క పెరుగు ప్యాకెట్ తీసి ఇంకొకరికి ఇచ్చావంటే ఆ మాటకి మళ్ళీ విలువుండదు.

ఇక వంతు. కరెంటు లేనంతసేపూ సూపర్‌మార్కెట్‌ని పాత కిరాణా కొట్టులా నడపాలి. అప్పటికే లోపలున్న వాళ్ళని కౌంటర్ దగ్గరికి పిలిచి, కొత్తగా వచ్చే వాళ్ళని గుమ్మం దగ్గరే ఆపి, కావలసినవి చీటీ మీద రాయించుకో. టార్చి పట్టుకుని ఒక కుర్రాడు సరుకు తెస్తాడు. దొంగతనం భయమూ పోతుంది, ఎవరూ సీసాలు తన్ని పడేసుకోరు. చీటీ మీద 1, 2, 3 అని నంబరు వెయ్యి. ఇద్దరు "నేను ముందొచ్చాను" అని పోట్లాడుకుంటే తీర్పు నువ్వు చెప్పక్కర్లేదు, చీటీ చెబుతుంది. పాలప్యాకెట్, మందుబిళ్ళలకి నీళ్ళ సీసా లాంటి ఒకటి రెండు వస్తువుల వాళ్ళకి, సరిపడా చిల్లర తెచ్చేట్టయితే, వేరే వరుస పెట్టు. ఆ సంగతి ముందే పైకి చెప్పాలి. చెప్పకుండా ఒకరిని ముందుకి పంపితే ట్రాలీ నిండా సరుకుతో నిలబడ్డ ఆవిడ ఊరుకుంటుందా? పెద్దవాళ్ళకీ, కడుపుతో ఉన్నవాళ్ళకీ రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఓ మంచినీళ్ళ క్యాను గుమ్మం గాలికి పెట్టు. షటర్ మాత్రం జనం లోపలుండగా సగం కూడా దించకు. దొంగల భయంతో దించుతారు కానీ చీకట్లో అది చూసి లోపలివాళ్ళు కంగారుపడతారు.

చేతి బిల్లు దగ్గర గొడవ ఎక్కువగా ధర మీదే వస్తుంది. ధరలన్నీ కంప్యూటర్లో ఉంటాయి, నీకూ కుర్రాళ్ళకీ నోటికి రావు. రోజూ కదిలే నూటయాభై రకాలు, అంటే పాలు, గుడ్లు, నూనె, పంచదార, పప్పులు, సబ్బులు, బిస్కెట్లు, ఇలాంటి వాటి రేట్ల పట్టీ ప్రతి సోమవారం ప్రింటు తీసి అట్టకి బిగించు. ఆఫర్లు పట్టీలో పైన ఉండాలి. రెండు కొంటే ఒకటి ఉచితమన్నది కంప్యూటర్ తనే తగ్గిస్తుంది, చేత్తో రాసేటప్పుడు మనమే మర్చిపోతాం, కస్టమర్ మర్చిపోడు. పట్టీలో ఒక ధర, అరలో చీటీ మీద ఇంకో ధర కనిపిస్తే తక్కువది వేసి సాగిపో. నాలుగు రూపాయల కోసం క్యూని ఐదు నిమిషాలు ఆపితే నష్టం నీకే. ఎమ్మార్పీ దాటి మాత్రం ఒక్క రూపాయి వెయ్యకు. లీగల్ మెట్రాలజీ, అంటే తూనికలు కొలతల, నియమాలకి అది విరుద్ధం. జనరేటర్ ఖర్చనీ, కూలింగ్ చార్జీ అనీ సాకులు పనికిరావు. ఎవరైనా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తానంటే భయపడకుండా "చెయ్యండి, బిల్లు ఇదిగో" అనగలిగేలా ఉండాలి.

కార్బన్ పెట్టి రాసే బిల్లు పుస్తకాలు రెండు, సోలార్ కాలిక్యులేటర్ ఒకటి కౌంటర్ కింద ఎప్పుడూ ఉంచు. నంబర్లు వరుసగా ఉండాలి, కంప్యూటర్ బిల్లులతో కలవకుండా ముందు వేరే అక్షరం పెట్టు. రూ. 200 లోపు బేరానికి, కొన్నవాళ్ళకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా, వాళ్ళు బిల్లు అడక్కపోతే, రోజు చివర అన్నిటికీ కలిపి ఒకే బిల్లు రాసుకోవచ్చని జీఎస్టీ నియమమే ఉంది. అడిగితే మాత్రం రూ. 30కైనా రాసివ్వాలి. కాటా గురించి కంగారుపడకు, ఎలక్ట్రానిక్ కాటాల్లో చాలావాటికి లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది. కానీ అది ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండటంతో చచ్చిందో బతికుందో మనకి తెలియదు. నెలకోసారి ప్లగ్గు పీకి చూడు.

అన్నిటికంటే చిక్కు ఫోన్ చెల్లింపులు. కరెంటు పోయిన కాసేపటికి వీధిలో అందరూ ఫోన్లు పట్టుకుంటారు, సిగ్నల్ మందగిస్తుంది. ఇంకా ఎక్కువసేపైతే టవర్ల బ్యాటరీలూ దిగిపోతాయి. "నాకు డబ్బు కట్ అయింది" అని కస్టమర్, "డబ్బు పడిందని చెప్పే నా సౌండ్ బాక్సు పలకలేదు" అని నువ్వు. ఇద్దరిదీ నిజమే కావచ్చు. అక్కడ గొంతు పెంచితే అవతలి మనిషిని దొంగ అన్నట్టే అవుతుంది.

ముందు బాక్సుని వదిలెయ్. అది సిమ్ము మీద నడిచే యంత్రం, దానికీ సిగ్నల్ కావాలి. నీ ఫోన్లో వ్యాపారి యాప్ తెరిచి చూడు, లేదా బ్యాంకు మెసేజీ చూడు. ఫోన్లో రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములు ఉండాలి, ఒకటి అందకపోతే రెండోది అందుతుంది. కస్టమర్ చూపించే ఆకుపచ్చ టిక్కు తెరని మాత్రం రుజువుగా తీసుకోకు. అలాంటి తెర చూపించే దొంగ యాప్‌లు ఉన్నాయి, అవి తిరిగేది సరిగ్గా ఇలాంటి రద్దీలోనే. అలాగని ఆ మాట ఆయన ముఖం మీద అనకు. "మీది వెళ్ళే ఉంటుందండీ, మా వైపు కనబడటం లేదు. ఆ 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు ఒక్కసారి చెప్పండి, రాసుకుంటాను" అను. టైము, మొత్తం, ఆ నంబరు, ఆయన ఫోన్ నంబరు ఒక పుస్తకంలో రాసి కింద ఆయనచేత సంతకం పెట్టించు.

తెర మీద "పెండింగ్" అని ఉంటే రెండోసారి కొట్టనివ్వకు. తొందరలో రెండుసార్లు కొడతారు, రెండూ చేరతాయి, మర్నాడు మళ్ళీ అదో పంచాయితీ. తెలిసిన మనిషయితే సరుకు ఇచ్చి పంపించెయ్. కొత్త మనిషయి, మొత్తం మూడొందలు దాటితే సరుకు సంచీలో కట్టి పేరు రాసి పక్కన పెట్టు, లేదా నగదు తీసుకుని "ఫోన్ డబ్బు కూడా చేరితే తిరిగి పంపుతాను" అని బిల్లు వెనక రాసివ్వు. ఆ మూడొందల గీత నేను గీసింది, నీ వీధిని బట్టి నువ్వు మార్చుకో. కానీ గీత ఒకటి ఉండాలి, అది కుర్రాళ్ళకీ తెలియాలి. లేకపోతే ఒకరికి ఇచ్చి ఒకరికి ఇవ్వలేదని కొత్త తగాదా పుడుతుంది.

ఖాతాలో డబ్బు తెగి వ్యాపారికి చేరకపోతే, ఆ రోజు తర్వాత ఐదు రోజుల్లోపు బ్యాంకు దానంతట అదే తిరిగి వెయ్యాలనీ, దాటితే రోజుకి రూ. 100 చొప్పున ఇవ్వాలనీ రిజర్వు బ్యాంకు 2019లోనే నియమం పెట్టింది. దీన్ని తెలుగులో రాసి కౌంటర్ పక్క గోడ మీద అంటించు. నువ్వు నోటితో చెబితే తప్పించుకుంటున్నావనుకుంటారు, గోడ మీద చదివితే నమ్ముతారు. అదేం చిత్రమో!

అసలు నగదు తీసుకోవాలంటే చిల్లర ఉండాలి కదా. పది, ఇరవై నోట్లు వెయ్యి రూపాయలకి, ఒకటి, రెండు, ఐదు నాణేలు మూడొందలకి విడిగా ఒక డబ్బాలో పెట్టి మామూలు రోజుల్లో ముట్టుకోకు. చిల్లరకి బదులు చాక్లెట్ చేతిలో పెట్టకు, ఉక్కపోతలో నిలబడ్డ మనిషికి అది ఎగతాళిలా ఉంటుంది. పది రూపాయల నాణెం ఇస్తే వద్దనకు, అది చెల్లుతుంది.

వెలుతురు లెక్క. నీ ఇన్వర్టర్‌కున్న 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్లు ఉంటాయి. ఇన్వర్టర్ తినేది, అడుగంటా వాడకూడనిది తీసేస్తే 1150 దాకా నమ్ముకో. కంప్యూటర్‌కి 120, ఎల్‌ఈడీ ట్యూబులు నాలుగింటికి 80, సీసీ కెమెరాలకీ రికార్డర్‌కీ 45, రౌటర్‌కి 10 వాట్లు. మొత్తం 255. అంటే నాలుగున్నర గంటలు. దానికి రెండు మామూలు ఫ్యాన్లు తగిలిస్తే 405 అవుతుంది, మూడు గంటలు కూడా రాదు. బ్యాటరీకి మూడేళ్ళు దాటితే ఈ లెక్కలో చాలా తగ్గించుకో. ఫ్రిజ్ దానికి కలపకు, కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు మామూలుకంటే ఎన్నో రెట్లు లాగుతుంది, ఇన్వర్టర్ ట్రిప్ అయి ఉన్న వెలుతురూ పోతుంది. కొవ్వొత్తులు అసలొద్దు. కర్పూరం, దోమల స్ప్రేలు, నూనెలు, ప్లాస్టిక్ సంచులు పెట్టుకున్న కొట్టు అది. జనరేటర్ కొంటే దాన్ని షాపు బయట, పొగ లోపలికి రాని చోట పెట్టించి, లైను కరెంటునీ జనరేటర్‌నీ ఒకదానితో ఒకటి కలవనివ్వని చేంజోవర్ స్విచ్ వేయించు. అది లేకుండా ప్లగ్గుకి తగిలిస్తే కరెంటు వెనక్కి లైన్లోకి పోయి స్తంభం మీదున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది.

చల్లటి సరుకు మీద వచ్చే పేచీలు మర్నాడు వస్తాయి. కరెంటు పోయిన టైము పలక మీద రాసి ఫ్రిజ్‌కి తగిలించు. ఐస్‌క్రీమ్ పెట్టె గాజు మూత మీద మందపాటి దుప్పటి కప్పి అమ్మకం ఆపెయ్. ఎవరెంత అడిగినా తెరవకు. మెత్తబడి మళ్ళీ గట్టిపడ్డ ఐస్‌క్రీమ్‌లో మంచు పలుకులు కడతాయి, పిల్లాడు ఒక్క స్పూను తినగానే తండ్రి డబ్బా పట్టుకొస్తాడు. అలాంటిది వాపసు తీసుకో, వాదించకు. పాలు, పెరుగు, పనీర్ మూసిన ఫ్రిజ్‌లో నాలుగు గంటలదాకా అనుకో. గాజు తలుపువి, పైగా మన ఎండలకి, అంతకంటే తక్కువే. అందుకని వాటినే ముందు అమ్ము, నాలుగు గంటలు దాటితే పక్కన పెట్టెయ్. సగం ధరకి ఇమ్మని బేరమాడే వాళ్ళు వస్తారు, ఇవ్వకు. వాంతులైతే సగం ధరకి కొన్నామని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఇక ఏం చెప్పినా తగ్గని వాళ్ళు. "ఇంత పెద్ద షాపు పెట్టి జనరేటర్ లేదా" అనేవాడికి జవాబు ఒక్కటే: "నిజమేనండీ, ఇబ్బందే. మీది నాలుగో నంబరు." కారణాలు చెప్పడం మొదలుపెడితే ఒక్కో కారణానికి ఒక్కో ప్రశ్న వస్తుంది. డిస్కౌంట్ అడిగితే మర్యాదగా లేదను. ఒకరికి ఇచ్చింది వరుసంతా వింటుంది. ఫోన్‌తో వీడియో తీసేవాడి ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టకు, ఆ చెయ్యే ఊరంతా తిరుగుతుంది. తియ్యనిచ్చి నీ పని నువ్వు చేసుకో. తాగొచ్చిన వాణ్ణి ఎదురుగా నిలబెట్టి మాట్లాడకు, పక్కకి నడిపించి, చీటీ లేకపోయినా వాడి వస్తువు ముందు ఇచ్చి పంపు. ఆ ఒక్కచోట వరుస తప్పినా ఎవరూ ఏమీ అనరు. ఆడపిల్లలు కౌంటర్లో ఉంటే ఆ మాటలు వాళ్ళమీద పడనివ్వకుండా నువ్వే లేచి వెళ్ళు. ఎవరైనా చెయ్యి ఎత్తితే పోలీసుల కోసం 112కి ఫోన్ చెయ్యి. నీ కుర్రాళ్ళు ఎవరూ ఎదురు చెయ్యి ఎత్తకూడదు.

కరెంటు వచ్చాక ఏసీ, ఫ్రిజ్‌లు వెంటనే వెయ్యకు. వోల్టేజీ ఎగిరి దూకుతుంది, మళ్ళీ పోతుంది కూడా. ఐదు నిమిషాలాగి ఒక్కో ఎంసీబీ ఎత్తు. ఎంసీబీలు దించమన్నది ఇందుకే. చేత్తో బిల్లు రాస్తున్న వాళ్ళది చేత్తోనే ముగించి, తర్వాతి నంబరు నుంచి కంప్యూటర్‌కి మారు. ఆ రాత్రే చేతి బిల్లులన్నీ కంప్యూటర్లో ఎక్కించు, మర్నాటికి ఆగితే స్టాకు లెక్క తప్పుతుంది. పెండింగ్ పుస్తకంలో ఉన్న వాళ్ళకి పొద్దున్న పదింటికల్లా నువ్వే ఫోన్ చెయ్యి, డబ్బు చేరినా చేరకపోయినా.

ఈ మంగళవారం మధ్యాహ్నం మూడింటికి, బేరాలు పలచగా ఉన్నప్పుడు, మెయిన్ దించి అరగంట ఇదంతా నడిపించి చూడు. టార్చి సెల్లులు అయిపోయాయో, బిల్లు పుస్తకం ఎక్కడుందో కుర్రాడికి తెలుసో లేదో అప్పుడు బయటపడుతుంది. ఏం తేలిందో నాకు ఫోన్ చేసి చెప్పు.

ఉంటాను,
పెదనాన్న